ముక్కు బరువు, తోక బరువు

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా రేడియో కంట్రోల్ నమూనా యుద్ధవిమానాల గురించే వచ్చాయి. ట్రైనర్ (నేర్చుకునేవాళ్ళ విమానం) మీద చెయ్యి తిరగ్గానే ఎవరి చూపైనా రెండో ప్రపంచ యుద్ధం నాటి మస్టాంగ్, స్పిట్‌ఫైర్‌ల మీదికే పోతుంది. వాటి అందం అలాంటిది. అయితే ట్రైనర్ దగ్గర చెల్లిపోయే పొరపాట్లు వీటి దగ్గర చెల్లవు. అందుకే ఈసారి బ్యాలెన్స్ సంగతికే ఎక్కువ జాగా ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో ఫోమ్ పీ-51 మస్టాంగ్ కొన్నాను. రెక్కల చివర నుంచి చివరకు 1200 మిల్లీమీటర్లు. మాన్యువల్ రాలేదు. రెక్క వెడల్పు బాడీ దగ్గర 240, చివర 120 మి.మీ. చివర ముందంచు మొదటి కంటే 30 మి.మీ. వెనక్కి ఉంది. మూడు సెల్స్ 2200 బ్యాటరీతో కలిపి 1100 గ్రాములు తూగింది. రెక్క మొదట్లో వెడల్పులో మూడో వంతు దగ్గర వేళ్ళు పెట్టి నిలబెడితే చాలని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? – ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రెక్క మొదలు నుంచి చివరిదాకా ఒకే వెడల్పు ఉండే ట్రైనర్‌కైతే మీ ఫ్రెండ్ మాట దాదాపు సరిపోతుంది. మస్టాంగ్ రెక్క చివరికి సన్నబడుతుంది కాబట్టి దీనికి సరిపోదు. మీ కొలతల్లో 240కి మూడో వంతు 80 మి.మీ. అక్కడ సీజీ (విమానం బరువు ముందుకూ వెనక్కూ వాలకుండా సమంగా నిలిచే చోటు) పెట్టి ఎగరేస్తే తోక బరువైపోయి, నేల వదిలిన క్షణం నుంచే విమానం మీ చేతిలో ఉండదు.

ఇలాంటి రెక్కకు ముందు సగటు వెడల్పు కట్టాలి. చివరి వెడల్పును మొదటి వెడల్పుతో భాగిస్తే 0.5. దానికి ఒకటీ, దాని వర్గమూ కలిపితే 1.75. దాన్ని 1.5తో (అంటే ఒకటి, 0.5 కలిపి) భాగించి, 240తో గుణించి, అందులో మూడింట రెండు వంతులు తీసుకోండి. 187 మి.మీ. వస్తుంది. ఈ వెడల్పు ఉండే చోటు విమానం మధ్యగీత నుంచి 267 మి.మీ. దూరంలో ఉంటుంది. అక్కడికి ముందంచు 13 మి.మీ. వెనక్కి వెళ్ళి ఉంటుంది. 187లో 25 శాతం 47, దానికి 13 కలిపితే 60. 30 శాతమైతే 69. అంటే మీ మస్టాంగ్ సీజీ రెక్క మొదట్లో ముందంచు నుంచి 60, 69 మి.మీ.ల మధ్య ఎక్కడో ఉండాలి. మొదటిసారి ఎగరేసేటప్పుడు 60కే కట్టుబడండి. తర్వాత బ్యాటరీని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుకోవచ్చు.

ఇక్కడొక మెలిక ఉంది. పీ-51డీ రెక్క మొదట్లో, బాడీకి ఆనుకునే చోట, ముందంచు కొంచెం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ ముక్కను కొలతలోకి తీసుకోకండి. మిగతా ముందంచు మీద స్కేలు పెట్టి, ఆ గీతనే మధ్యదాకా పొడిగించి, అక్కడి నుంచి కొలవండి. మీరు రాసిన 240 ఆ పొడుచుకొచ్చిన ముక్కతో కలిపి కొలిచిందైతే లెక్క మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

కొలిచాక గుర్తు రెక్క పైభాగాన పెట్టండి. మస్టాంగ్ లాగా రెక్క బాడీ అడుగున ఉండే విమానాల్ని తలకిందులుగా తిప్పి తూచాలి. మామూలుగా నిలబెడితే బరువంతా వేళ్ళకు పైన ఉంటుంది కాబట్టి ఇటో అటో ఒరిగిపోయి మోసం చేస్తుంది. తిప్పి పట్టుకుంటే బరువు కిందికి వేలాడి నికరంగా నిలుస్తుంది. బ్యాటరీ, ప్రొపెల్లర్, స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలో ఉండే మొన టోపీ), కానొపీ (పైలట్ మీది అద్దాల మూత) అన్నీ బిగించాకే తూచండి. ముడిచే చక్రాలుంటే ముడిచి చూడండి. మస్టాంగ్ చక్రాలు పక్కకు, లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి పెద్ద తేడా రాదు. కోర్సెయిర్, పీ-40 లాంటివి చక్రాల్ని వెనక్కి ముడుస్తాయి. వాటిని చక్రాలు దించి తూస్తే గాల్లోకి లేచాక సీజీ వెనక్కి జారుతుంది. ముక్కు ఒక్క పిసరు కిందికి వాలి నిలబడితే సరిగ్గా ఉన్నట్టు.

తోక వాలుతోందని వెంటనే సీసం కోసం పరిగెత్తకండి. ముందు బ్యాటరీని జరపండి. మీ బ్యాటరీ సుమారు 180 గ్రాములుంటుంది. దాన్ని 20 మి.మీ. ముందుకు తోస్తే సీజీ 3 మి.మీ. పైచిలుకు ముందుకొస్తుంది. ముందున్న ఫోమ్ గోడను కొంత చెక్కితే ఇంకాస్త జాగా దొరుకుతుంది. బ్యాటరీని మాత్రం వెల్క్రో పట్టీతో గట్టిగా కట్టండి. గాల్లో అది వెనక్కి జారిందంటే ఇంత లెక్కా వృథా. ఇంకా చాలకపోతే అప్పుడు బరువు కట్టాలి. సీజీ ఇంకా 10 మి.మీ. వెనక ఉందనుకుందాం. 1100ని 10తో గుణిస్తే 11,000. ముక్కు దగ్గర బరువు పెట్టే చోటు మీ గుర్తుకు 220 మి.మీ. ముందుంటే, 11,000ని 220తో భాగించండి. 50 గ్రాములు కావాలి. టైర్ల షాపులో చక్రాల బ్యాలెన్సింగ్‌కు వాడే, వెనక జిగురున్న బరువులు దీనికి బాగా పనికొస్తాయి. మోటారు వెనక గోడకు అంటించి, పైన అరల్డైట్ రాయండి. జిగురొక్కదాన్నే నమ్మకండి.

నా మనసులో ఉన్న అసలు మాట ఇది. ఈ 50 గ్రాములు విమానం కట్టేటప్పుడే, తోక దగ్గరే పుడతాయి. ఉయ్యాల బల్ల మీద చివర కూర్చున్న పిల్లాడు మధ్యకు దగ్గరగా కూర్చున్న పెద్దాణ్ణి లేపినట్టు, తోక దగ్గర ఎక్కించిన 10 గ్రాముల రంగూ జిగురూ ముక్కులో 27 గ్రాముల సీసం అడుగుతాయి. యుద్ధవిమానాలకు ముక్కు పొట్టి, తోక పొడుగు. అందుకే సెకండ్ హ్యాండ్ విమానం కొన్నప్పుడు నేను ముందు తోక చూస్తాను. పాతాయన విరిగిన చోట జిగురు ముద్దలు ముద్దలుగా పెట్టాడా, రంగు మీద రంగు కొట్టాడా అని. మీరూ తోకకున్న టేపులు పీకి, జిగురు ముద్దల్ని ఉప్పుకాగితంతో అరగదీయండి.

అసలు మస్టాంగ్‌కూ ఈ బాధ తప్పలేదు. బెర్లిన్ దాకా బాంబర్లకు తోడు వెళ్ళాలని పైలట్ సీటు వెనక 85 గ్యాలన్ల ట్యాంకు పెట్టారు. మన లెక్కలో 320 లీటర్లు. అది నిండుగా ఉంటే సీజీ వెనక్కి పోయి, గట్టిగా తిప్పినప్పుడు కంట్రోల్ స్టిక్ ఎదురు తిరిగేది. అందుకే 1944లో ఆ పైలట్లు రెక్కల కింది డ్రాప్ ట్యాంకుల్ని (అయిపోయాక గాల్లోనే వదిలేసే అదనపు ట్యాంకులు) ముట్టకముందే సీటు వెనకున్న పెట్రోలే చాలావరకు కాల్చేసేవారు. అన్ని టన్నుల విమానాన్నే అంత ఇబ్బంది పెట్టిన సంగతి మన కిలో ఫోమును వదులుతుందా?

ఎగరేశాక సరిచూసుకునే పద్ధతి చెబుతాను. మంచి ఎత్తులో, సగం థ్రాటిల్‌తో (మోటారు వేగం), ట్రిమ్ (స్టిక్ ముట్టకుండా తిన్నగా పోయేలా చేసే సర్దుబాటు) సరిచేసి నేలకు సమంగా పోనివ్వండి. తర్వాత ముక్కు కొంచెం కిందికి వంచి స్టిక్ వదిలేయండి. తనంతట తాను గట్టిగా పైకి లేస్తే ముక్కు బరువెక్కువ. మెల్లగా లేస్తే బాగుంది. ఇంకా కిందికే ముడుచుకుపోతుంటే తోక బరువు. అలాంటప్పుడు మెల్లగా స్టిక్ లాగి దించేసి, బ్యాటరీ ముందుకు జరిపాకే మళ్ళీ ఎగరేయండి.

ప్రశ్న: మాస్టారు గారికి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. థర్మాకోల్ షీట్లతో స్పిట్‌ఫైర్ కడుతున్నాడు. సూపర్ గ్లూ వేస్తే రెక్కంతా కరిగి గుంటలు పడింది. దేనితో అంటించాలి? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: సూపర్ గ్లూ థర్మాకోల్‌ను తినేస్తుందమ్మా. స్ప్రే రంగుల్లో చాలావాటితోనూ ఇదే గొడవ. థర్మాకోల్‌కు తెల్ల ఫెవికోల్ హాయిగా పనిచేస్తుంది. ఒక రాత్రి ఆరనివ్వాలి, అంతే. మోటారు అమర్చే ప్లైవుడ్ దగ్గర, రెక్క మధ్య అతుకు దగ్గర అరల్డైట్ వాడమనండి. అతుకుల్లో వెదురు పుల్లలు గుచ్చితే జిగురు తక్కువ పట్టి బలం ఎక్కువొస్తుంది. తోకకు జిగురు వేలితో పల్చగా రాసి, పొంగినదంతా తుడిచేయాలి. గుంటలు పడ్డ రెక్కను పారేయక్కర్లేదు, ముక్కలు కోసి అతికించుకోవచ్చు. సొంతంగా స్పిట్‌ఫైర్ రెక్క గీసుకుని కోశాడంటే పిల్లాడిలో విషయం ఉంది. ప్రోత్సహించండి.

ప్రశ్న: నా మస్టాంగ్ రన్‌వే మీద థ్రాటిల్ ఇవ్వగానే ఎడమకు తిరిగి ముక్కు మీద పడుతోంది. ప్రొపెల్లర్లు విరుగుతున్నాయి. మోటారు వంకరగా బిగించానా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మోటారు తప్పు కాకపోవచ్చు. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. దాని గాలి మెలికలు తిరుగుతూ తోక రెక్కకు ఎడమ పక్కన కొడుతుంది. తోక కుడికి, ముక్కు ఎడమకు పోతాయి. బాడీ కూడా ఎడమకు ఒరిగి, ఎడమ చక్రం మీద బరువు పడుతుంది. తోక లేచే క్షణంలో ఇంకో తోపు తగులుతుంది. ఇవన్నీ ఒకే వైపు లాగేవే. నిజం మస్టాంగ్ పైలట్లు కూడా టేకాఫ్‌కు ముందే రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండే చుక్కాని) ట్రిమ్ కుడికి తిప్పి పెట్టుకునేవారు. మెర్లిన్ ఇంజన్ స్పిట్‌ఫైర్ కూడా ఎడమకే లాగేది. తర్వాత వచ్చిన గ్రిఫన్ ఇంజన్ ఎదురు తిరిగేది కాబట్టి ఆ స్పిట్‌ఫైర్లు కుడికి లాగేవి.

థ్రాటిల్ ఒక్కసారిగా కొట్టకండి. నాలుగైదు లెక్కపెట్టేంతసేపు మెల్లగా ఎక్కించండి. మొదట ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్ కొంచెం లాగి పట్టుకుంటే తోక చక్రం నేలను అంటిపెట్టుకుని దారి తప్పనివ్వదు. కుడి రడ్డర్ మొదటి నుంచీ కొద్దిగా ఇస్తూ, వేగం పెరిగేకొద్దీ తగ్గించండి. ముక్కు మీద పడుతోందన్నారు కాబట్టి చక్రాలూ చూడండి. తోక లేపి విమానాన్ని నేలకు సమంగా పట్టుకున్నప్పుడు ఇరుసు రెక్క ముందంచుకు సూటిగా కిందో, ఒక పిసరు ముందో ఉండాలి. వెనక ఉంటే కాళ్ళ తీగను ముందుకు వంచండి. గడ్డి మైదానమైతే పెద్ద చక్రాలు వేయండి.

దిగేటప్పుడు దీని స్వభావం వేరు. సన్నటి రెక్క చివరలు వేగం తగ్గగానే ముందుగా పట్టు వదులుతాయి, ఒక రెక్క ఠక్కున పడిపోతుంది. కాస్త థ్రాటిల్ ఉంచే దించండి.

ప్రశ్న: మాస్టారూ, నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నాను. మొదటిసారి ఎగరేసే ముందు ఏం చూసుకోవాలి? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ప్రొపెల్లర్ తీసేశాకే రేడియో సెట్టింగ్ మొదలుపెట్టు బాబూ. ఇందులో బేరం లేదు. తర్వాత విమానం వెనక నిలబడి, అది చూసే వైపే నువ్వూ చూస్తూ, స్టిక్ కుడికి జరుపు. కుడి ఐలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ నీ వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. కొత్త విమానాలు ఎన్నో నేల వదలగానే పడిపోయేది ఐలరాన్లు ఎదురు పెట్టుకోవడం వల్లే. విమానాన్ని ముందు నుంచి చూస్తూ సరిచూసుకుంటే ఈ పొరపాటు కనిపించదు. ఐలరాన్ కదలిక తక్కువగా, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు కదలికను మెత్తబరిచే రేడియో సెట్టింగ్) 25, 30 శాతం పెట్టుకో. తోక బరువుగా ఉన్న విమానానికి ఎలివేటర్ కదలిక కూడా ఎక్కువగా ఉంటే రెండూ కలిసి ముంచుతాయి. స్పిన్నర్ మొననూ తోక చివరనూ పట్టుకుని లేపి ఏ రెక్క వాలుతోందో చూడు. వాలని రెక్క చివర చిన్న బరువు టేపుతో అతికించు.

ఎక్కడ ఎగరేయాలన్నది డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చూసుకో. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్లో (మ్యాపులో ఆకుపచ్చగా చూపే చోట) 400 అడుగుల లోపు అనుమతి అడగక్కర్లేదు. విమానాశ్రయానికి 12 కిలోమీటర్ల లోపల లెక్క మారుతుంది. నీ విమానం ఎప్పుడూ కంటికి కనిపించేంత దూరంలోనే ఉండాలి.

ప్రశ్న: నా హరికేన్‌కు మన ఎయిర్‌ఫోర్స్ రంగులు వేయాలని ఉంది. ఏ గుర్తులు వేయాలి? – ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: మంచి ఆలోచన. 1944లో ఇంఫాల్ యుద్ధంలో అర్జన్ సింగ్ నాయకత్వంలో నంబర్ 1 స్క్వాడ్రన్ హరికేన్లే నడిపింది. బర్మా వైపు మన విమానాల గుర్తుల్లో ఎరుపు ఉండేది కాదు. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడిగా పొరబడతారని తీసేసి, ముదురు నీలం, లేత నీలం వలయాలు వేసేవారు. మూడు రంగుల గుర్తు స్వాతంత్య్రం తర్వాతిది, దాన్ని ఈ హరికేన్ మీద వేయకండి. ఢిల్లీ పాలం ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో హరికేన్ ఉంది, వీలైతే తోక, రెక్కల ఫొటోలు దగ్గరగా తీసుకురండి. రంగు స్పాంజితో పల్చగా అద్దండి, తోకకు మాత్రం రంగు కింద వేసే తెల్ల కోటు వద్దు. మ్యాట్ వార్నిష్ ఒక్క పూత చాలు.