ఆ ఉత్తరం నిలబడిందా?

అమ్మాయ్,

నువ్వు ఇంగ్లిష్ నుంచి డచ్‌లోకి అనువదించి పంపిన మూడు పేజీలూ చదివాను. డచ్ బాగానే పట్టుబడింది. కానీ ఇంగ్లిష్‌లో ‘పుట్’ కనబడ్డ ప్రతిచోటా ‘జెటెన్’ అని వేసేశావు. కొత్తలో నేనూ అదే పని చేశాను.

ఒక కథలో ఒకావిడ బల్ల మీద ఉత్తరం పెట్టి వెళ్లిపోతుంది. నేను ‘జెటెన్’ అని రాసి, నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో మా పక్కింటి పెద్దావిడకి చదివి వినిపించాను. ఆవిడ బల్ల మీదున్న కాగితం ఒకటి తీసి నిటారుగా నిలబెట్టింది. చెయ్యి తియ్యగానే అది కూలబడింది. ‘ఇలాగా?’ అంది.

జెటెన్ అంటే నిలిచేలా పెట్టడం, మనిషినైతే కూర్చోబెట్టడం. కాగితాన్ని, పుస్తకాన్ని పరిచినట్టు పెడితే ‘లెఖెన్’. జేబులోనో సంచిలోనో దూరిస్తే ‘స్టోపెన్’. ఆపడానికీ ఇదే మాట, గాభరా పడకు. సూప్‌లో ఉప్పు వేస్తే ‘డూన్’. పెట్టేశాక ఆ వస్తువు ఉండటానికీ డచ్‌లో ఇదే లెక్క. పుస్తకం బల్ల మీద పడుకుని ఉంటుంది, అలమరలో నిలబడి ఉంటుంది. తాళంచెవి జేబులో కూర్చుని ఉంటుంది. అన్నం పళ్లెం మాత్రం ఎంత బల్లపరుపుగా ఉన్నా డచ్ వాళ్ల దృష్టిలో నిలబడే ఉంటుంది, దానికి అడుగు ఉంది కాబట్టి. ఈ పళ్లెం నా నోటికెక్కడానికి రెండేళ్లు పట్టింది. పేపర్లో వార్త మనకు పడుతుంది, వాళ్లకు నిలబడుతుంది.

ఇంగ్లిష్ నుంచి డచ్‌కి వెళ్తూ నువ్వు తెలుగుని గుమ్మం బయటే వదిలేశావు. మనం కాఫీ పెడతాం కదా, వాళ్లూ కాఫీకి జెటెన్ అనే అంటారు. టోపీకీ కోటుకీ మఫ్లర్‌కీ ఇంగ్లిష్‌లో ‘పుట్ ఆన్’ ఒక్కటే సరిపోతుంది. మనం టోపీ పెట్టుకుంటాం, కోటు వేసుకుంటాం, మఫ్లర్ చుట్టుకుంటాం. వాళ్లకీ అంతే: టోపీకి ‘ఓప్‌జెటెన్’, కోటుకి ‘ఆన్‌ట్రెకెన్’, మఫ్లర్‌కి ‘ఓమ్‌డూన్’. ఓమ్ అంటే చుట్టూ. కోడి దగ్గర మాత్రం జాగ్రత్త. మన కోడి గుడ్డు పెడుతుంది, వాళ్ల కోడికి లెఖెన్. గుడ్డు నిలబడదు మరి.

అందుకే ‘పుట్’ వచ్చినప్పుడు వెంటనే డిక్షనరీ తెరవకు. చేతికందిన వస్తువు తీసుకుని నిజంగా పెట్టి చూడు. నీ మూడో పేజీలో అతను ఫ్రిజ్‌లో సీసా పెడతాడు. నిలబెట్టాడా, పడుకోబెట్టాడా? ఇంగ్లిష్ రచయిత ఆ గొడవే పెట్టుకోలేదు. నీకు తప్పదు. ముందూ వెనకా చదువు, ఆ ఫ్రిజ్ ఎంత నిండుగా ఉందో ఎక్కడైనా చెప్పాడేమో చూడు.

రెండో పేజీలో తల్లి బిడ్డని నిద్రపుచ్చబోయే చోట నీ ‘జెటెన్’ చూసి నవ్వాపుకోలేకపోయాను. పాపం, పసివాణ్ని అర్ధరాత్రి మంచం మీద కూర్చోబెట్టేశావు. అక్కడ వాళ్లు ‘బ్రెంగెన్’ అంటారు, పక్క దాకా తీసుకెళ్లడం. ముందు అది మార్చు, సీసా సంగతి తేల్చి ఆదివారంలోగా పంపు.

నీ బాబాయి