బ్యాటు మీది ముద్ర ఆకాశాన్ని చూడాలి

మైదానం కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు హైదరాబాద్‌కు చెందిన ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్ జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీ బేస్‌బాల్ జట్టులో ఆడుతున్నాడు. నిరుడు కొన్న అల్యూమినియం బ్యాటు నిక్షేపంలా ఉంది. ఇప్పుడు చెక్క బ్యాటు కావాలంటున్నాడు. అసలైన ఆటగాళ్లు దానితోనే ఆడతారట. కొనాలా, వద్దా?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీవాడు చెప్పింది సగం నిజం. అమెరికా మేజర్ లీగ్‌లో చెక్క బ్యాటు తప్ప మరొకటి పట్టనివ్వరు. అదే దేశంలో కాలేజీ జట్లకు మాత్రం 1974 నుంచి అల్యూమినియం బ్యాట్లకు అనుమతి ఉంది. దాని వెనుక గొప్ప సిద్ధాంతమేమీ లేదు, ఖర్చే కారణం. చెక్క బ్యాట్లు విరుగుతాయి, విరిగినప్పుడల్లా కాలేజీ కొనాలి. ఇరవై రెండేళ్లు ఆటసామాను బిల్లుల మీద సంతకాలు పెట్టినవాణ్ణి, ఆ బాధ నాకు తెలుసు.

ఇక తేడా ఎక్కడంటారా? గట్టి చెక్కకు తగిలినప్పుడు నలిగేది బంతే. బేస్‌బాల్ బంతి లోపల బిగించి చుట్టిన ఉన్ని దారం ఉంటుంది. అది నలిగినప్పుడు దెబ్బలోని శక్తి చాలావరకు అక్కడే హరించుకుపోతుంది. అల్యూమినియం బ్యాటు బోలుగా ఉంటుంది, గోడ పలుచన. దెబ్బ తగలగానే ఆ గోడ బిగించిన నవారు మంచంలా కాస్త లోపలికి వెళ్లి తిరిగి తన్నుతుంది. బంతి తక్కువ నలిగి ఎక్కువ వేగంతో పోతుంది. బరువు కూడా చేతుల వైపు ఉంటుంది కనుక బ్యాటు చురుగ్గా తిరుగుతుంది.

ఇది ఎంతదాకా పోయిందంటే, 1998 కాలేజీ ఫైనల్లో సదర్న్ కాలిఫోర్నియా 21, అరిజోనా స్టేట్ 14 పరుగులు చేశాయి. బేస్‌బాల్‌లో రెండు జట్లూ కలిసి పది చేస్తే బాగా ఆడినట్టే లెక్క. ఆ తర్వాత నిబంధనలు బిగించారు. 2011 నుంచి కాలేజీ బ్యాట్ల మీద ‘బీబీకార్’ (BBCOR) ముద్ర తప్పనిసరి. నవారు మంచం గుణాన్ని దాదాపు చెక్క స్థాయికి దించే కొలత అది, గరిష్ఠం 0.50. బ్యాటు పొడవు అంగుళాల్లో ఎంతుంటే, బరువు ఔన్సుల్లో అంతకు మూడుకు మించి తగ్గకూడదు. అంటే 33 అంగుళాల బ్యాటు కనీసం 30 ఔన్సులు, మన లెక్కలో సుమారు 850 గ్రాములు ఉండాలి. మీ ఇంట్లో ఉన్నదాని మీద ఆ ముద్ర ఉందేమో ఒకసారి చూడండి.

వేగంలో తేడా తగ్గింది కానీ, తప్పును కాయడంలో తేడా అలాగే ఉంది. పిచ్చర్ బంతిని ఒంటి దగ్గరికి విసిరాడనుకోండి. అది చేతుల దగ్గర తగిలితే చెక్క బ్యాటు పిడి విరుగుతుంది, అరచేతులు మండుతాయి. అల్యూమినియం విరగదు. ఆ చచ్చుదెబ్బ కూడా ఇన్‌ఫీల్డర్ (దగ్గర కాపు కాసేవాడు) నెత్తి మీదుగా వెళ్లి పడుతుంది, కుర్రవాడు పరుగెత్తి చేరాల్సిన బేస్ మీద నిలబడి తానేదో బాగా కొట్టాననుకుంటాడు. పిచ్చర్లూ దీనివల్ల పాడవుతారు. లోపలికి వేసి ఫలితం దక్కక, అన్నీ బయటి అంచుకే వేయడం అలవాటు చేసుకుంటారు. మా జట్టులో ఇద్దరు అలాగే తయారయ్యారు. వాళ్లకు అది మాన్పించడానికి నాకు ఏడాది పట్టింది.

కాబట్టి పోటీలకు ఉన్నదానితోనే ఆడమనండి. సాధనకు మాత్రం ఒక చెక్క బ్యాటు కొనిపెట్టండి. అమెరికాలో కేప్ కాడ్ వేసవి లీగ్ 1985లోనే చెక్కకు మళ్లింది. కాలేజీ కుర్రవాళ్ల అసలు దెబ్బ ఎంతో చూడాలనుకునే స్కౌట్లు (పెద్ద జట్లకు ఆటగాళ్లను వెతికేవాళ్లు) అక్కడికి వెళతారు. చెక్కల్లో మేపుల్ గట్టిది, కానీ విరిగితే పెద్ద ముక్కలుగా ఎగురుతుంది. యాష్ పొరలు పొరలుగా లేస్తుంది కనుక ముందే హెచ్చరిక దొరుకుతుంది. సాధనకు నా ఓటు యాష్‌కే.

ఒక జాగ్రత్త. మా కాలేజీకి మొదటి చెక్క బ్యాటు వచ్చిన వారమే విరిగింది. విరగ్గొట్టిన కుర్రవాడు, ఫొటోలో కంపెనీ పేరు పడాలని ముద్రను పిచ్చర్ వైపు తిప్పి పట్టుకున్నాడు. ముద్ర ఉన్న వైపు చెక్కకు బలం తక్కువ. అది ఆకాశాన్నో నేలనో చూడాలి, బంతి దానికి పావు చుట్టు పక్కన తగలాలి. ఫొటో మాత్రం బాగా వచ్చింది, రెండు ముక్కలతో సహా.

మీ ఇంట్లో క్రికెట్ పిచ్చివాళ్లుంటే వాళ్లకోసం ఒక మాట. 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో ఆస్ట్రేలియా బౌలర్ డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగాడు. బంతి పాడవుతోందని ఇంగ్లండ్ కెప్టెన్ బ్రియర్లీ అభ్యంతరం చెబితే, చివరికి కోపంతో దాన్ని విసిరేశాడు. తర్వాత క్రికెట్ బ్యాటు చెక్కదే కావాలని నిబంధనల్లో రాశారు.

ప్రశ్న: సార్, నేను ఫాస్ట్ బౌలర్‌ని. వయసు 18. బేస్‌బాల్ పిచ్చర్‌గా మారడం తేలికేనా?
– డిగ్రీ విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: తేలిక కాదు నాయనా, కానీ అసాధ్యమూ కాదు. నీ పరుగు పోతుంది, 25 సెంటీమీటర్ల ఎత్తు దిబ్బ మీద నిలబడి విసరాలి. మోచెయ్యి వంచితే ఇక్కడ అంపైర్ ఏమీ అనడు, వంచకపోతేనే కోచ్ అరుస్తాడు. దూరం 18.44 మీటర్లు. బంతి నేలను తాకదు కనుక నీ లెంగ్త్ విద్య పనికిరాదు, మిగిలేవి లైనూ ఎత్తూ. ముందు నాలుగు కుట్ల పట్టు నేర్చుకో. చూపుడు వేలు, మధ్య వేలు గుర్రపు లాడం ఆకారంలో ఉన్న కుట్టుకు అడ్డంగా వేసి, వెనక్కి తిరిగేలా వదలాలి. అలా తిరిగే బంతి బ్యాటర్ అనుకున్నంత కిందికి దిగదు, అతడు దాని కింద గాలిని కొడతాడు.

2008లో రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రవాళ్లు మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు (ఐపీఎల్ రింకూ కాదు). వాళ్లు బౌలర్లు కారు, జావెలిన్ విసిరేవాళ్లు. భుజం జాగ్రత్త. అమెరికాలో 17, 18 ఏళ్లవాళ్లు రోజుకు 105 పిచ్‌లు (విసుర్లు) దాటకూడదంటారు. మొదటి రెండు నెలలు నువ్వు ముప్పై దాటితే నేను ఒప్పుకోను.

ప్రశ్న: చెక్క బేస్‌బాల్ బ్యాటుకు క్రికెట్ బ్యాటులాగా అవిసె నూనె పట్టించాలా?
– ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: అక్కర్లేదు. దానికి లక్క పూత ఉంటుంది, నూనె లోపలికి దిగదు, చేతులు జారడం తప్ప లాభం లేదు. వానాకాలం బాల్కనీలో మాత్రం వదిలేయకండి.