మూసీ గట్టున ఒక్క రోజు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చిన్నప్పటి స్నేహితురాలు విశాఖ నుంచి వస్తోంది. ఇద్దరికీ ఒక్క శనివారమే తీరిక. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, నిజాంల చౌమహల్లా ప్యాలెస్ మూడూ ఒకే రోజులో అవుతాయా? ఏది ముందు చూడాలి?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: అవుతాయి. శనివారం కావడం కూడా మంచిదైంది. శుక్రవారమైతే మ్యూజియం, చౌమహల్లా రెండూ మూసే ఉంటాయి, మక్కా మసీదులో మధ్యాహ్నం జుమ్మా నమాజు ఉంటుంది.

ఎక్కువమంది చేసే తప్పు పొద్దున్నే మ్యూజియంలో దూరడం. బయటపడేసరికి రెండవుతుంది, అప్పుడు మండుటెండలో చార్మినార్ దగ్గర క్యూ కట్టాలి. కాబట్టి చార్మినార్‌తోనే మొదలుపెట్టండి. మీ బస్సు జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)కు వస్తుంది కదా, అక్కడినుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)కు నేరుగా మెట్రో ఉంది. దిగాక ఆటో ఎక్కి తొమ్మిదిన్నరకల్లా చార్మినార్ దగ్గరుండండి, తలుపులు తీసే వేళ అదే. ఎక్కనిచ్చేది మొదటి అంతస్తు దాకానే. మెట్లు ఇరుకు, నిటారు, మెలికలు తిరిగి ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే కింద ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ తెప్పించుకుని కూర్చోవడమే మేలు.

పక్కనే మక్కా మసీదు. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, ఔరంగజేబు హయాంలో 1694లో పూర్తయింది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, తలమీదికి దుపట్టా ఉండాలి. చెప్పులు బయటే విడవాలి. ఎండాకాలం అక్కడి రాతి నేల కాలుతుంది, సంచిలో సాక్సులు పెట్టుకోండి.

అక్కడినుంచి ఉత్తరానికి, నది వైపు నడవండి. చార్ కమాన్ల, అంటే నాలుగు తోరణాల మధ్య గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, ఆ తర్వాత పత్తర్‌గట్టి బజారు. మ్యూజియం కిలోమీటరు పైచిలుకు దూరం. ఈ దారిలో ఆటో ఎక్కితే నడిచేవాళ్లకంటే వెనకబడతారు! పదకొండున్నరకు మ్యూజియం చేరి, సంచులు కౌంటర్‌లో ఇచ్చి, ముప్పావుకల్లా సంగీత గడియారం ముందు చోటు పట్టండి. గంట గంటకూ గడ్డపు బొమ్మ ఒకటి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకు పన్నెండు దెబ్బలు. అది తప్పిపోతే, ఒంటిగంటకు కొట్టేది ఒక్కటే. మీరు తల తిప్పేలోగా అయిపోతుంది.

గ్యాలరీలన్నీ చూడాలని మాత్రం ఆశపడకండి. నాలుగైదు ఎంచుకోండి, వాటిలో ముసుగు రెబెక్కా ఉండాలి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ బొమ్మను నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ముఖం మీది పల్చటి మేలిముసుగు కూడా పాలరాయే. ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూస్తేనే ఆ పనితనం తెలుస్తుంది.

మదీనా చౌరస్తాలో భోజనం చేసి, రెండున్నరకు ఆటోలో చౌమహల్లా చేరండి. ఐదింటికి మూసేస్తారు, టికెట్లు అంతకు ముందే ఆపేస్తారు. ఖిల్వత్ దర్బారులోని 19 షాండ్లియర్లు చూసి, మోటారు కార్ల వైపు వెళ్లండి. సాయంత్రం గాజుల లాడ్‌బజార్‌కు అక్కడినుంచి నడిచే పోవచ్చు.

ప్రశ్న: ప్రేయసి భాగమతిని కలవడానికి హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా నది దాటేవాడని, అందుకే తండ్రి పురానాపూల్ కట్టించాడని అంటారు. నిజమేనా? వంతెన చూడదగ్గదేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కథ బాగుంది గానీ లెక్క కుదరదు. ఇబ్రహీం కుతుబ్‌షా ఈ వంతెన కట్టించింది 1578లో. అప్పటికి కొడుకు పన్నెండు పదమూడేళ్ల పిల్లవాడు. గోల్కొండ నుంచి నది దక్షిణపు ఒడ్డుకు దారి కోసం కట్టారనుకోవడమే సబబు. హైదరాబాద్ పునాది 1591లో. అంటే ముందు వంతెన, పదమూడేళ్లకు ఊరు.

చూడండి, తప్పకుండా. కమాన్లు 22. వంతెన మీద నిలబడితే కూరగాయల బండ్లే కనిపిస్తాయి, పక్కనున్న కొత్త వంతెన మీదినుంచి చూస్తేనే కమాన్ల వరస కనిపిస్తుంది. మూసీలో మురుగు వాసన ఉంటుంది, ముందే చెబుతున్నాం. పైన చెప్పిన రోజులో దీన్ని ఇరికించకండి. ఎనిమిదింటికే వెళ్లగలిగితే సరే, లేకపోతే మరోసారి.

ప్రశ్న: 1908 వరదల్లో జనాన్ని కాపాడిన చింతచెట్టు ఇంకా ఉందా? వెళ్లి చూడొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఉంది, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో. 1908 సెప్టెంబరు 28న దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అది రోగుల చోటు కాబట్టి గుంపుగా వెళ్లకండి, చూసి వచ్చేయండి. ఆసుపత్రి గుమ్మటాలు, ఎదుటి ఒడ్డున హైకోర్టు నయాపూల్ వంతెన మీదినుంచే చక్కగా కనిపిస్తాయి.

వానాకాలం వెళ్లేవాళ్లకు ఒక మాట: జంట జలాశయాల గేట్లు ఎత్తారేమో ఆ పొద్దున వార్తల్లో చూసుకోండి. 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లొచ్చాయి.

ప్రశ్న: లాడ్‌బజార్‌లో లక్కగాజులు 2.8 అడిగితే బిగుతైంది, 2.10 ఇస్తామన్నారు. 2.10 అంటే ఇంకా చిన్నది కాదా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: కాదు, అది దశాంశం కాదు. చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.8 అంటే లోపలి అడ్డం రెండున్నర అంగుళాలు. 2.10 అంటే అంతకంటే రెండు పదహారో వంతులు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు పెద్దది. లక్కగాజు సాగదు, బలవంతంగా ఎక్కిస్తే విరుగుతుంది. చేతికి సరిపోయే పాత గాజు ఒకటి తీసుకెళ్లి దాంతో పోల్చి కొనండి. ఎండలో ఆపిన కారులో వదిలితే లక్క మెత్తబడి రాళ్లు కదులుతాయి. సబ్బునీళ్లకు కూడా దూరంగా ఉంచండి.