జామ చెట్టు ఏపుగా పెరిగింది, కాయే లేదు!

ప్రశ్న: పెరట్లో జామ మొక్క పెట్టి 4 ఏళ్లయిందండీ. పైకప్పు దాటి పోయింది, ఆకులు చూస్తే ముచ్చటేస్తుంది, కానీ పూత లేదు. నీళ్లు, యూరియా మానకుండా వేస్తున్నా. ఏం చెయ్యమంటారు? - ఒక పాఠకురాలు

జవాబు: మీ చెట్టుకి జబ్బేం లేదమ్మా. జామ గురించి ముందు ఒక్క సంగతి పట్టుకోండి, పూత ఎప్పుడూ కొత్తగా వచ్చిన చిగురు మీదే వస్తుంది, ఆకు మొదట్లోంచి మొగ్గ తొడుగుతుంది. కొమ్మలు కత్తిరించకుండా వదిలేస్తే చెట్టు పైపైకి సాగిపోతుంది, లోపల నీడ పడిపోతుంది, ఇంక చిగురు ఎక్కడొస్తుంది చెప్పండి. పైగా యూరియా వేస్తున్నారు కదా, నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, అది ఇవాళే ఆపేసి బాగా మాగిన పశువుల ఎరువో కంపోస్టో వెయ్యండి చాలు.

తర్వాత కత్తెర పట్టుకోండి. పచ్చని కొమ్మ కొయ్యాలంటే చాలామందికి మనసొప్పదు, నాకు తెలుసు, కానీ జామకి మీరు చేసే అసలు సేవ అదే. ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, మొదట్లోంచి నిటారుగా లేచేవి తీసేసి మధ్యలోకి వెలుతురు పడేలా చెయ్యండి, మిగతా కొమ్మలకి చివర్లు జానెడు కత్తిరించండి. ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ మాత్రం కొయ్యొద్దు, చెట్టు తట్టుకోలేదు. వంగే కొమ్మలుంటే తాడు కట్టి మెల్లగా పక్కకి వంచి నేలకి కొట్టిన మేకుకి కట్టేయండి, ఆ కొమ్మ పొడుగునా కణుపు కణుపుకీ చిగుళ్లు లేస్తాయి, వాటిలోనే పూత. పూత నుంచి కాయ తయారవడానికి 4, 5 నెలలు పడుతుంది కాబట్టి తొందరపడకండి. అన్నట్టు మీది గింజ మొక్కా అంటు మొక్కా రాయలేదు, గింజతో మొలిచిందైతే కాపు ఆలస్యమవుతుంది, తల్లి చెట్టు కాయ లాంటిదే వస్తుందన్న నమ్మకం కూడా ఉండదు.

ప్రశ్న: కాయ పైకి బాగానే ఉంటుంది, కోస్తే లోపల తెల్ల పురుగులు. మందు కొట్టాలా?

జవాబు: అది పండు ఈగ పని. కాయ పండబోయే టైంకి తొక్క కింద గుడ్లు పెట్టి పోతుంది, పిల్ల పురుగు లోపల గుజ్జు తింటుంది కాబట్టి పైన కొట్టే మందు దాన్ని చేరదు. తినే కాయ మీద మందెందుకండీ, కాయ పచ్చిగా గట్టిగా ఉన్నప్పుడే కాగితం సంచి తొడిగి మూతి కట్టేయండి, దీన్ని మించింది లేదు. రాలిన కాయల్ని చెట్టు కింద వదలకండి, ఆ పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. ఏరేసి ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి కొన్నాళ్లు ఎండలో పడెయ్యండి. మిథైల్ యూజినాల్ ట్రాప్, అంటే వాసనతో ఈగల్ని రప్పించి పట్టే డబ్బా, పెట్టినా మంచిదే, కానీ దానికి పడేవి మగ ఈగలే, గుడ్లు పెట్టే ఆడవి పడవు, అందుకని సంచులు మానొద్దు.

ప్రశ్న: నాన్నగారికి షుగర్ ఉంది, జామ పెట్టొచ్చా? అందులో నిజంగా అంత బలం ఉందా?

జవాబు: ఉందండీ. 100 గ్రాముల జామలో విటమిన్ సి దాదాపు 228 మిల్లీగ్రాములు, అదే నారింజలో 53 దాకా ఉంటుంది. పీచు 5 గ్రాముల పైనే, కేలరీలు 68. ఎర్ర గుజ్జు రకమైతే లైకోపీన్ కూడా బాగా ఉంటుంది, టమాటాకి ఆ ఎరుపు ఇచ్చేది అదే. నాన్నగారికి బాగా మగ్గింది కాకుండా దోరది, తొక్కతోనే, ఒక మోస్తరు కాయ పెట్టి, తిన్నాక షుగర్ ఎంతుందో మీటర్‌తో చూసుకోండి. జ్యూస్ మాత్రం వద్దు, వడకడితే పీచు పోయి తీపే మిగులుతుంది. కిడ్నీ సమస్య కూడా ఉంటే డాక్టర్ని అడక్కుండా పెట్టకండి, ఇందులో పొటాషియం 100 గ్రాములకి 417 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఇంట్లో పిల్లలకి జెల్లీ చేస్తానంటే దోరపండ్లే తీసుకోండి, పెక్టిన్ వాటిలోనే ఎక్కువ కాబట్టి బాగా గడ్డకడుతుంది, కాకపోతే ఉడికించినప్పుడు విటమిన్ సి కొంత పోతుంది, చక్కెర బోలెడు పడుతుంది, అందుకే నాన్నగారికి ఆ సీసా అందనివ్వకండి.