యంత్రానికి 'తెలుసు' అనవచ్చా?

సందేహం: చెన్నైలో జరగబోయే ఒక చిన్న ప్రదర్శనకు బోర్డులు రాస్తున్నాను. ప్రకృతిలో, ఏఐలో, డిజైన్‌లో ఇంటెలిజెన్స్ అంటే ఏమిటో మళ్లీ ఆలోచించమనడం దాని ఉద్దేశం. మూలం ఇంగ్లీషు. తమిళం రాసే ఆవిడ మూడు చోట్లా 'అఱివు' అనే మాటతోనే నడిపేశారు. నాకేమో తెలివి, బుద్ధి, మేధ, మేధస్సు, ప్రజ్ఞలలో ఏది వాడాలో తేలడం లేదు. నేను రాసుకున్న వాక్యాలు నాలుగు పంపుతున్నాను. 'ఫ్లైట్రాప్ మొక్కకు లెక్కలు తెలుసు.' 'మెదడు లేని బూజు టోక్యో రైలు మార్గాలను కనిపెట్టింది.' 'ఏఐకి మన భాష అర్థమవుతుంది.' 'ఈ భవనాన్ని చెదపురుగులు డిజైన్ చేశాయి.' వీటిలో తప్పులున్నాయా?
– ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

సమాధానం: ముందు మాటల సంగతి చూసేద్దాం. మీ వాక్యాల్లో అసలు చిక్కు నామవాచకాల్లో లేదు కాబట్టి ఇది త్వరగానే తేలుతుంది.

'బుద్ధి'ని పక్కన పెట్టండి. కన్నడంలో ఏఐని 'కృతక బుద్ధిమత్తె' అంటారు, అక్కడ అది బాగానే నప్పింది. తెలుగులో బుద్ధి నడవడి వైపు జరిగిపోయింది. బుద్ధిగా కూర్చో, బుద్ధి చెప్పాడు, దొంగబుద్ధి, వక్రబుద్ధి అంటున్నప్పుడు మనం మాట్లాడేది తెలివితేటల గురించి కాదు. 'ప్రజ్ఞ'ను మనోవిజ్ఞాన పాఠ్యపుస్తకాలు తీసేసుకున్నాయి. ఐక్యూకు 'ప్రజ్ఞాలబ్ధి' అని అక్కడ స్థిరపడింది. మీ బోర్డుల్లో పరీక్షలూ మార్కుల ప్రస్తావన వస్తే ఆ మాట వాడండి, లేకపోతే అక్కర్లేదు.

ఏఐకి 'కృత్రిమ మేధ' అనే వాడండి. పత్రికల్లో నలిగిన మాట కావడం ఒక కారణం. రెండోది, అది అనుకోకుండా చక్కగా కుదిరింది. అమరకోశం బుద్ధికి మనీష, ధిషణ, ధీ, ప్రజ్ఞ, శేముషి, మతి అంటూ పర్యాయపదాల వరుస చెప్పి, మేధను మాత్రం విడదీసి 'ధీర్ధారణావతీ మేధా' అంటుంది. ధారణ కలిగిన బుద్ధి మేధ అని అర్థం. గుట్టలకొద్దీ పాఠాల నుంచి పట్టుకున్న అల్లికను అంకెల రూపంలో నిలుపుకుని పనిచేసే యంత్రానికి ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు. 'మేధస్సు' తప్పా అని కొందరు పట్టుబడతారు. సంస్కృతంలో విడి పదం 'మేధా' ఒక్కటే; సకారాంత రూపం సుమేధస్, దుర్మేధస్, అల్పమేధస్ వంటి సమాసాల చివర వస్తుంది. తెలుగులో మాత్రం మేధస్సు విడిగా నిలబడి చాలాకాలమైంది. దాన్ని తప్పనడం చాదస్తం. బోర్డు మీద రెండక్షరాలే చాలు కనుక మేధ అనండి.

'కృత్రిమ' గురించి ఒక్క మాట. చేయగా ఏర్పడినది అని దాని వ్యుత్పత్తి. కృత్రిమ ఉపగ్రహం, కృత్రిమ అవయవం అన్నప్పుడు ఆ అర్థమే వినిపిస్తుంది. కృత్రిమ కొరత, కృత్రిమమైన నవ్వు అన్నప్పుడు బూటకం అనే అర్థం వస్తుంది. ఏ పేరు పక్కన చేరిందన్న దాన్ని బట్టి పాఠకుడే తేల్చుకుంటాడు. మీరు వివరణ ఇవ్వనక్కర్లేదు.

ఇక 'తెలివి'. తెలి అంటే తేట, తెలుపు. తెల్లవారడం, తేటతెల్లం, తెలియడం అన్నీ ఆ కుదురువే. తమిళంలో 'తెళివు', కన్నడంలో 'తిళివు' దీని తోబుట్టువులు. అయితే తెలుగులో తెలివికి స్పృహ అనే అర్థం కూడా ఉంది. ఎండదెబ్బ తగిలిన మనిషి తెలివి తప్పి పడిపోతాడు, మొహాన నీళ్లు చల్లితే తెలివి వస్తుంది. కాబట్టి 'ఏఐకి తెలివి వచ్చింది' అని రాశారో, యంత్రానికి స్పృహ కలిగిందని చదువుకునేవాళ్లు ఉంటారు. ఇంగ్లీషు మూలంలో లేని పెద్ద వాదం ఒక్క మాటతో మీ బోర్డెక్కుతుంది. 'తెలివైన పద్ధతి', 'తెలివైన అమరిక' అంటే ఆ ఇబ్బంది లేదు, ఆ విశేషణం పనిని మెచ్చుకుంటుంది గాని పని చేసినదాని లోపలికి వెళ్లదు.

ప్రదర్శన పేరులో మాత్రం తెలివే ఉండాలి. మీరు ప్రశ్నించమంటున్నది ఆ మాటనే కదా. 'తెలివి అంటే ఏమిటి?' అని పైన పెట్టండి. ఏఐ బోర్డు మొదటి వాక్యంలో కృత్రిమ మేధ అని పేరు చెప్పి, ఆ వెంటనే 'ఇది తెలివేనా?' అని అడగండి. తమిళ బోర్డుల్లో అఱివు మూడు చోట్లా కనిపించి కలిపినట్టు, తెలుగులో ఆ ప్రశ్న కలుపుతుంది.

అసలు చిక్కుకు వద్దాం. మీ నాలుగు వాక్యాల్లో మొదటిదీ మూడోదీ 'కు', 'కి' మీద నిలబడ్డాయి. ఇంగ్లీషులో తెలిసినవాడూ పనిచేసినవాడూ ఒకే కర్త స్థానంలో కూర్చుంటారు. మొక్క లెక్కపెట్టినా, మొక్కకు తెలిసినా ఆ భాషలో వాక్యం తీరు ఒక్కటే. మన భాషల్లో అలా కాదు. చేసినప్పుడు 'నేను గుర్తించాను', అనుభవించినప్పుడు 'నాకు తెలుసు, నాకు గుర్తుంది, నాకు అనిపించింది, నాకు నొప్పిగా ఉంది'. తమిళంలో 'ఎనక్కుత్ తెరియుమ్', కన్నడంలో 'ననగె గొత్తు' కూడా ఈ బాటే. సంప్రదాయ వ్యాకరణం ఈ కి, కులను షష్ఠి కింద చేర్చింది. పేరు ఏదైనా, వాటి పని ఇక్కడ అనుభవించేవారిని చూపడం.

అయితే కు కనిపించిన ప్రతిచోటా ఉలిక్కిపడకండి. మొక్కకు నీళ్లు కావాలి, గదికి రెండు తలుపులున్నాయి, ఫోన్‌కు ఛార్జింగ్ లేదు అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. తెలుసు, గుర్తుంది, అర్థమైంది, అనిపించింది, ఇష్టం, భయం అనే మాటలు వెంట వచ్చినప్పుడే కు లోపల ఒక మనసును కూర్చోబెడుతుంది. ఏ వాక్యమైనా అచ్చుకు పంపేముందు ఈ మాటల జాబితా పెట్టుకుని వెతకండి. దొరికిన ప్రతిచోటా 'ఇది నిజంగా చేసిన పనేమిటి?' అని అడిగి, ఆ పనిని ప్రథమా విభక్తితో చెప్పండి.

మొదటి వాక్యం మీద ప్రయత్నిద్దాం. ఫ్లైట్రాప్ పురుగులను పట్టి తినే మొక్క. దాని ఉచ్చులోని నూగులాంటి వెంట్రుకను పురుగు ఒకసారి తాకితే ఏమీ జరగదు. సుమారు 20 సెకన్ల లోపు రెండోసారి తాకితే ఉచ్చు మూసుకుంటుంది. పురుగు ఇంకా పెనుగులాడి స్పర్శలు ఐదు దాకా చేరితే జీర్ణరసాల తయారీ మొదలవుతుంది. 2016లో వచ్చిన పరిశోధన ఈ సంగతిని చూపింది. ఒక్కో స్పర్శకు ఒక్కో విద్యుత్ సంకేతం పుడుతుంది, దాని జాడ కాసేపు నిలిచి తగ్గిపోతుంది, తగ్గేలోపు మరొకటి వచ్చి కలిస్తే హద్దు దాటుతుంది. దీన్ని 'ఫ్లైట్రాప్ మొక్క స్పర్శలను లెక్కపెడుతుంది' అని రాయవచ్చు. చేసిన పని అదే. 'లెక్కలు తెలుసు' అంటే మాత్రం ఎక్కాలు వచ్చినట్టు వినిపిస్తుంది.

ఇక్కడే 'మూసుకుంటుంది'లోని 'కొను' మీద కొందరికి అనుమానం. ఆత్మార్థకం కదా, తనకోసం చేసుకోవడమే కదా అంటారు. గాలికి తలుపు మూసుకుంది, తాడు చిక్కుకుంది అంటున్నాం. ప్రాణం లేనివాటి పక్కన కొను 'దానంతటది జరిగింది' అని మాత్రమే చెబుతుంది. అందుకే 'ఏఐ మోడల్ ఉదాహరణల నుంచి నేర్చుకుంటుంది' అన్న వాక్యాన్ని దిద్దవలసిన పని లేదు. 'తెలుసుకుంటుంది' అంటే దిద్దాలి. ఆ తెలుసుకోవడం చివర 'దానికి తెలుసు' దగ్గరే ఆగుతుంది.

మూడో వాక్యానికీ అదే మందు. 'ఇచ్చిన వాక్యాలను బట్టి, తర్వాత ఏ మాట ముక్క రావచ్చో ఏఐ అంచనా వేస్తుంది. అలా ముక్క వెంట ముక్క చేర్చి జవాబు కూరుస్తుంది' అనండి. భాషా నమూనాలు పనిచేసే తీరు అది. అది అర్థమవడం కిందికి వస్తుందా రాదా అన్నది ఇంకా నడుస్తున్న వాదం. ప్రదర్శన చూడవచ్చినవాళ్లను ఆ వాదంలోకి దించాలనుకుంటే ప్రశ్నగా పెట్టండి, నిర్ధారణగా రాయకండి.

రెండో వాక్యంలో విభక్తి బాగానే ఉంది, మాటలు తప్పాయి. మీరు చెబుతున్నది స్లైమ్ మోల్డ్ అనే జీవి. పేరులో బూజు వినిపించినా అది బూజు జాతిది కాదు. రొట్టె మీది బూజుకన్నా అమీబాలకు దగ్గర. ఆ పేరునే తెలుగు లిపిలో రాసేయండి. 2010లో అచ్చయిన ప్రయోగంలో టోక్యో చుట్టుపక్కల ఊళ్ల స్థానాల్లో ఓట్స్ పలుకులు పెట్టి, టోక్యో ఉండే చోట ఈ జీవిని వదిలారు. మొదట అంతటా పరచుకుంది. తర్వాత దాని ఒంట్లో ప్రవాహం ఎక్కువగా ఉన్న గొట్టాలు లావెక్కాయి, తక్కువున్నవి చిక్కిపోయాయి. 26 గంటలకు మిగిలిన అల్లిక అసలు రైలు మార్గాలతో పోల్చదగ్గదిగా తేలింది. మార్గాలు అప్పటికే ఉన్నాయి కాబట్టి 'కనిపెట్టింది' కుదరదు. పరచుకుంది, లావెక్కాయి, చిక్కిపోయాయి, మిగిలింది అనే ఈ అకర్మక క్రియలను గమనించండి. ప్రకృతి బోర్డులకు వీటిని మించినవి లేవు. ఏర్పరచు కన్నా ఏర్పడు, మార్చు కన్నా మారు ఎంచుకుంటే, వెనక ఎవరో కూర్చుని పథకం వేశారన్న భావన రాదు.

నాలుగో వాక్యంలో ఆ భావనే నిండా వచ్చేసింది. మీరు రాసింది జింబాబ్వేలోని హరారేలో 1996లో పూర్తయిన ఈస్ట్‌గేట్ సెంటర్ గురించి అయి ఉండాలి. దాని రూపకల్పన వాస్తుశిల్పి మిక్ పియర్స్‌ది. చెదలు చేసినది పుట్ట పెట్టడం. తెలుగులో పుట్టకు 'పెట్టు' అనే సొంత క్రియ ఉండగా డిజైన్ దేనికి? పైగా టీ నగర్ చీరల కొట్లలో డిజైన్ అంటే అంచు మీది పువ్వులూ గళ్లూను. 'ప్రకృతి డిజైన్' అని పెద్దక్షరాల్లో పెడితే చాలామంది సీతాకోకచిలుక రెక్కల బొమ్మ కోసం వెతుకుతారు. మనుషుల పనికి రూపకల్పన, ప్రకృతిలోని దానికి అమరిక లేదా నిర్మాణం అనండి. 'చెదలు పెట్టిన పుట్టల్లో గాలి ఆడే తీరు నుంచి ప్రేరణ పొందిన భవనం' అంటే సరిపోతుంది. ఒక జాగ్రత్త: పుట్ట తన లోపలి గూటిని చల్లగా ఉంచుతుందన్న అప్పటి అవగాహనను తర్వాతి పరిశోధకులు సవరించారు. గూటి వేడి చుట్టూ ఉన్న నేల వేడినే అనుసరిస్తుందని, పుట్ట పని ఎక్కువగా లోపలి గాలి మార్పిడి అని చూపారు. 'ఏసీ లేకుండా పుట్ట చల్లబడుతుంది' అని మాత్రం రాయకండి.

మీ తమిళ సహచరి పాత తమిళ వ్యాకరణ గ్రంథమైన తొల్కాప్పియం ప్రస్తావన తెస్తారని నా అనుమానం, తేకపోతే ఆశ్చర్యమే. అందులో ప్రాణులను ఒక అఱివు నుంచి ఆరు అఱివుల దాకా వరుస పెట్టారు. గడ్డికీ చెట్లకూ ఒకటి, నత్తలవంటి వాటికి రెండు, చెదలకూ చీమలకూ మూడు, పీతలకూ తుమ్మెదలకూ నాలుగు, జంతువులకు ఐదు, మనసుతో కలిపి మనిషికి ఆరు. అక్కడి 'చిదల్' మన చెదలే. అఱివుకు మన తోబుట్టువు ఎరుక. దాన్నీ మనం 'నాకెరుక' అని కుతోనే అంటాం. కానీ 'ఓరఱివు'ను ఒక తెలివి అనో ఒక ఎరుక అనో అనువదించకండి, నవ్వుతారు. తాకిడి, రుచి, వాసన, చూపు, వినికిడి అనే వరుసలో ఇంద్రియాలను లెక్కించడం అది. 'స్పర్శజ్ఞానం ఒక్కటే ఉన్నవి' అని విప్పి రాయండి. దాన్ని పాత ఆలోచనగానే చూపండి. చీమల్లో చాలా జాతులకు కళ్లున్నాయి, మొక్కలు వెలుగును పసిగడతాయి.

చివరగా బహువచనం. ఏకవచనంలో ఆమె చెప్పింది, యంత్రం చెప్పింది రెండూ ఒకలాగే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. బహువచనంలో బయటపడుతుంది. 'ఏఐలు చెబుతాయి' అనాలి, 'చెబుతారు' అనకూడదు. చాట్‌బాట్ మాటలను ఉటంకించేటప్పుడు అది 'నేను అనుకుంటున్నాను' అని రాసిచ్చినా, కొటేషన్ గుర్తుల బయట మీ వాక్యంలో 'అని జవాబు వచ్చింది' అనండి.