లాన్ పాలిపోతోందా? షికాగో లెక్క కొంపల్లిలో పనిచేయదు

షికాగోలో మీ బావగారు నవంబర్‌లో ఎరువు వేస్తే మంచు కరిగాక లాన్ పచ్చగా లేస్తోందని, మీరూ హైదరాబాద్ కొంపల్లిలో మీ బెర్ముడా లాన్‌కి అలాగే యూరియా చల్లినా గడ్డి పాలిపోయిందని రాశారు కదా. టెన్షన్ పడకండి అన్నా, గడ్డి జాతే వేరు.

అక్కడ వేసేది ఫెస్క్యూ, రై, కెంటకీ బ్లూగ్రాస్ లాంటి చలి గడ్డి. చలి మొదలవగానే దాని ఎదుగుదల మందగిస్తుంది కానీ ఆకులు ఇంకా చక్కెర తయారుచేస్తూనే ఉంటాయి, రాబడి ఉంది ఖర్చు లేదు అన్నమాట, ఆ మిగులులో ఎక్కువ భాగాన్ని ఫ్రక్టాన్ అనే ఒక రకం నిల్వ చక్కెర రూపంలో మొదలు దగ్గర, అంటే నేలకు ఆనుకున్న పొట్టి కాండంలో, ఆకుల అడుగున దాచుకుంటుంది. మంచు కింద బతకడానికి అదే తిండి, చలికి కణాలు దెబ్బతినకుండా కాపాడటంలోనూ దానికి పాత్ర ఉంది, వసంతంలో తొలి చిగుళ్లకూ అదే పెట్టుబడి, అక్కడ నవంబర్ ఎరువు కలిసొచ్చేదీ ఇలాగే. అందుకే మరీ పొట్టిగా కోస్తే గాదెకే కన్నం పెట్టినట్టు.

మీరు చెప్పిన బెర్ముడా అంటే వినాయక చవితికి కోసే గరికే. వేడిని ఇష్టపడేది, స్టార్చ్‌ని పాకే కాడల్లో, భూమిలోని దుంపకాడల్లో దాస్తుంది. జనవరి రాత్రులు 12, 13 డిగ్రీలకు పడితే ముడుచుకుంటుంది, అప్పుడు యూరియా పోసినా పెద్దగా తీసుకోదు. ఇప్పటికి ఎరువు ఆపండి, నీళ్లు తగ్గించండి, ఫిబ్రవరి చివర్లో ఎండ ముదిరి కొత్త చిగురు కనిపించాక కొద్దిగా వేయండి.

ఫెస్క్యూ విత్తనాలు మాత్రం తెప్పించకండి, నేను తెప్పించా, జనవరిలో కార్పెట్, మే నెలకి ఎండుగడ్డి.