నల్లగొండలో ఇల్లు వెతుకుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మీ మామ ఆశీర్వదించి రాయునది.

నువ్వు హైదరాబాదులో ఉండి రోజూ రాత్రి ఫోన్‌లో నల్లగొండ ఇళ్లు చూస్తున్నావని, తీరా ఫోన్ చేస్తే ప్రతి ఇల్లూ అమ్ముడుపోయిందనో, ధర పెరిగిందనో అంటున్నారని మీ అమ్మ మొన్న చెప్పి బాధపడింది. ముప్పై ఏళ్లకు పైగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ని కాబట్టి, అమ్మేవాళ్ల సంగతీ కొనేవాళ్ల సంగతీ దగ్గరి నుంచి చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన ఊళ్లో అమ్మకానికి ఉన్న ఇళ్లన్నీ ఒకేచోట నమోదయ్యే పుస్తకం ఏదీ లేదు. ఒక ఇంటి యజమాని ముగ్గురు నలుగురు బ్రోకర్లకు చెబుతాడు, వాళ్లు తమ వాట్సాప్ గ్రూపుల్లో మరో పదిమందికి చెబుతారు, ఆ పదిమందిలో సగం మంది ఎవరికి తోచిన ధరతో వాళ్లు వెబ్‌సైట్లలో పెడతారు. ఇల్లు అమ్ముడుపోయాక ఆ ప్రకటనను తీసేయాల్సిన అవసరం వాళ్లలో ఎవరికీ లేదు, ఎందుకంటే పాత ప్రకటన చూసి నీలాంటివాళ్లు ఫోన్ చేస్తే వాళ్లకు కొత్త పార్టీ దొరికినట్టే. కాబట్టి ప్రకటనలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకు, వాటి వెనుక ఇళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు.

పోయిన ఏడాది మీ అత్తమ్మ తమ్ముడి కోసం పానగల్లు వైపు ఇల్లు చూసినప్పుడు నాలుగు ప్రకటనలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒకదానిలో 200 గజాలు, 78 లక్షలు. ఇంకొకదానిలో 183 గజాలు, 72 లక్షలు. మూడోదానిలో గజాలే లేవు, ధర మాట్లాడుకోవచ్చని మాత్రం ఉంది. నాలుగోదానిలో 85 లక్షలు. ఫోటోలు వేర్వేరు వైపుల నుంచి తీసినవి కావడంతో నాలుగిళ్లని అనుకున్నాను. రెండు రోజుల తర్వాత మళ్లీ చూస్తే, నాలుగు ఫోటోల్లోనూ ఇనుప గేటు మీద రెండు నెమళ్లున్నాయి, ఎడమవైపు నెమలి తోక కింద ఒకేచోట తుప్పు పట్టి ఉంది. అది ఒకే ఇల్లు. దస్తావేజు తెప్పించి చూస్తే 183 గజాలే తేలింది. 200 అని రాసినతను ఇంటి ముందు రోడ్డు మీదికి కట్టిన ర్యాంపును కూడా కలిపేశాడు.

అందుకే నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టి, ఇంటికొక పేజీ కేటాయించి, ఆ ఇంటికి సంబంధించిన ప్రకటనలన్నీ, చూసిన తేదీతో సహా, ఆ పేజీలోనే రాయి. అవతలివాళ్లకు ఫోన్ చేసినప్పుడు ధర అడగడానికి ముందు నాలుగు హద్దులు అడుగు: తూర్పున ఎవరి ఇల్లు, పడమరన ఏముంది, ఉత్తరాన, దక్షిణాన ఏమున్నాయి. ఇంటి నంబర్లు మారుతుంటాయి, కాలనీ పేర్లు మారుతుంటాయి, కానీ దస్తావేజులో ఇంటిని పట్టి ఇచ్చేది హద్దులే. నిజంగా ఇల్లు చేతిలో ఉన్న బ్రోకరు ఒక్కరోజులో యజమానిని అడిగి చెబుతాడు. దాటవేసేవాడి దగ్గర ఆ ఇల్లు లేదనే అనుకో.

వెతికేటప్పుడు ఊరి పేరును ఒక్క రకంగానే కొట్టకు. నల్గొండ అని, నల్లగొండ అని, పానగల్ అని, పానగల్లు అని, ఇంగ్లిషు అక్షరాల్లో ఇంకా రకరకాలుగా రాస్తారు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి కదా, ఆ సంగతి చాలా ప్రకటనలకు ఇంకా అందలేదు. యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయిన చౌటుప్పల్ ప్లాట్లను నల్లగొండ కింద, రంగారెడ్డిలో కలిసిన షాద్‌నగర్ ప్లాట్లను మహబూబ్‌నగర్ కింద ఇప్పటికీ పెడుతుంటారు. జిల్లా పేరు చూసి ధరలు పోల్చావంటే లెక్క తప్పుతుంది. మండలం, గ్రామం పేరు చూసి పోల్చు.

ఇల్లు ఒకటని తేలాక కాగితం అడుగు. దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పేరు ఇస్తే చాలు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం, చూసుకోవచ్చు. కొన్నదెవరు, అమ్మిందెవరు, తనఖా ఏమైనా నమోదైందా అన్నది అందులో తెలుస్తుంది. అదే సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంటుంది, అది తప్పకుండా చూడు. అయితే రిజిస్టరు కాని అగ్రిమెంటు గానీ, కోర్టులో నడుస్తున్న అన్నదమ్ముల తగాదా గానీ ఈసీలో కనిపించకపోవచ్చు. అందుకు చుట్టుపక్కల వాళ్లను కూడా అడగాలి. ఓనర్‌నేనని చెప్పుకునేవాడి పేరు ఇంటి పన్ను రసీదులోనూ కరెంటు బిల్లులోనూ ఉందో లేదో చూడు. శాఖ చూపే మార్కెట్ విలువ స్టాంపు సుంకం లెక్కకే తప్ప బేరానికి కాదు. ప్రకటనలో ఉన్నది అడిగే ధర. ఆ వీధిలో ఈమధ్య బేరం ఎంతకు తెగిందో అక్కడి కిరాణం దుకాణంలో అడిగితే తెలుస్తుంది.

ఒకవేళ ఇల్లు వద్దనుకుని ప్లాటు చూస్తే, 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు మించిన స్థలంలో వేసే లేఅవుట్‌కు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, దగ్గర నమోదు ఉండాలి. అది లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. ప్రకటనలో రెరా నంబరు ఉంటే రెరా వెబ్‌సైట్‌లో అదే నంబరు కొట్టి, పేరు, సర్వే నంబర్లు సరిపోతున్నాయో చూడు. అలాంటి చోట అగ్రిమెంటు రిజిస్టరు కాకముందే ధరలో పది శాతానికి మించి అడిగితే ఇవ్వకు. గుంటల లెక్కన అమ్ముతున్నారంటే అది వ్యవసాయ భూమి కావచ్చు, నాలా, అంటే వ్యవసాయేతర వాడకానికి మార్పిడి, అయిందా అని అడుగు.

చెరువుల సంగతి మాత్రం మరువకు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి తిప్పి చూడవచ్చు. ఎండాకాలపు చిత్రం చూస్తే శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, ఏదైనా మంచి ప్లాటులాగే ఉంటుంది, కాబట్టి వానలు బాగా పడిన ఏడాది అక్టోబరు, నవంబరు నెలల చిత్రం వెతుకు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలని మన భవన నిర్మాణ నిబంధనల్లో ఉంది.

వచ్చే ఆదివారం నోట్‌బుక్ తీసుకుని ఉదయం బస్సుకే రా. మిగిలిన ఇళ్లు మూడైనా సరే, రెండైనా సరే, ఇద్దరం కలిసి వెళ్లి టేపు పెట్టి కొలుద్దాం. అప్పటిదాకా ఎవరు ఎంత తొందరపెట్టినా, వెయ్యి రూపాయలే అన్నా, ఫోన్‌లో బయానా మాత్రం పంపకు.

మీ మామ